ఇంకొంచెం అనే చిలక

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యంలో సూర్యుడు అందరికీ రోజుకు అరవై ఘడియలు ఇచ్చేవాడు. రాజుకైనా అరవయ్యే, రజకుడికైనా అరవయ్యే. ఆడవాళ్ళకు మాత్రం యాభయ్యే మిగిలేవి. తక్కిన పది ఎటు పోతున్నాయని ఎవరూ అడగలేదు.

ఎటు పోయేవంటే, అద్దంలోకి. ఒకప్పుడు అద్దాలయ్య అనే మాంత్రికుడు వచ్చి ఇంటికో అద్దం ఊరికే పంచిపెట్టి పోయాడు. అందులో పడ్డ ఘడియలన్నీ వాడి ఆయుష్షులో కలిసేవి. అది మాట్లాడే అద్దం. గడప దాటబోయే ఆడవాళ్ళను చూసి "ఇంకొంచెం!" అనేది. ఆమె వెనక్కి తిరిగి జడ విప్పి మళ్ళీ అల్లుకునేది. "ఇంకొంచెం!" కాటుక దిద్దుకునేది. "ఇంకొంచెం!" కుచ్చిళ్ళు సరిచేసుకునేది. పొయ్యి మీద అన్నం మాడిపోయేది, అంగడి మూసేసేవాళ్ళు. ఎవరైనా ధైర్యం చేసి అలాగే బయటికి వస్తే ఇరుగుపొరుగు వాళ్ళు ముక్కున వేలేసుకుని, "అయ్యో, ఇలాగే వచ్చేశావా?" అనేవాళ్ళు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి మీసమంటే ప్రాణం. రెండోవాడికి తలపాగా అంటే ప్రాణం. మూడోవాడు మల్లదేవుడికి లెక్కలంటే ప్రాణం. అన్నం ముద్దలు కూడా లెక్కపెట్టుకుని తినేవాడు.

ఇలా ఉండగా మహారాణి ఒకనాడు అద్దం ముందు కూర్చుని ఇక లేవలేదు. అద్దం "ఇంకొంచెం" అంటూనే ఉంది, ఆమె దిద్దుకుంటూనే ఉంది. మూడు నెలలైంది. ఎండ తగలక, తిండి సహించక చిక్కిపోయింది. రాజుగారు కోపం పట్టలేక అద్దాన్ని నేలకేసి కొట్టారు. అది నూరు ముక్కలైంది. నూరు ముక్కలూ ఒక్కసారే "ఇంకొంచెం!" అన్నాయి.

రాజవైద్యుడు తల వంచుకుని, "ప్రభూ, పున్నమిలోగా అమ్మగారు ఎండలోకి రాకపోతే ఇక నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

మల్లదేవుడు గోడ మీద బొగ్గుతో లెక్క వేశాడు. "నాన్నగారూ! మన రాజ్యంలో ఆడవాళ్ళు ముప్ఫై వేలమంది. మనిషికి పది ఘడియల చొప్పున రోజుకు మూడు లక్షల ఘడియలు మాయమవుతున్నాయి. అంటే అయిదు వేల రోజులు. దాదాపు పద్నాలుగేళ్ళు! మనం ఒక్క రోజు బతికేసరికి ఆ మాంత్రికుడి ఆయుష్షుకు పద్నాలుగేళ్ళు కలుస్తున్నాయి."

"అయితే వాడు చచ్చేదెప్పుడురా?"

"ఇలాగే సాగితే ఎప్పటికీ చావడు నాన్నగారూ."

ఏడో సముద్రంలో ఉండే అద్దాలయ్యను చంపుతానని పెద్దవాడు కత్తి తీసుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బల్లెం తీసుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. పున్నమి ఇంకా ఏడు రోజులుందనగా మూడోవాడు ఒట్టి చేతులతో బయలుదేరాడు.

రేవులో ఏడు సముద్రాలు దాటించేవాళ్ళెవరూ దొరకలేదు, ఒక్క నీలాలు తప్ప. నీలాలు పడవ నడిపే పిల్ల. జుట్టును ముడేసి పాత వలతాడుతో కట్టేసింది. పడవ అంచున గూడబాతు ఒకటి కూర్చుని ఉంది.

"రోజుకో సముద్రం దాటించగలవా?" అడిగాడు మల్లదేవుడు.

"గాలి బాగుంటే దాటిస్తా దొరా. ఎక్కండి."

"ఎక్కుతాను గానీ, రాజకుమారుడితో ప్రయాణం కదా. ఆ జుట్టు ఇంకొంచెం..."

నీలాలు తెడ్డు ఆపింది. "జడకు ఒక ఘడియ పడుతుంది. పడవను సముద్రంలోకి లాగే ఆటు ఉండేది అర ఘడియే. లెక్కలు మీకు బాగా వచ్చట కదా, మీరే చెప్పండి."

మల్లదేవుడు నాలిక కరుచుకున్నాడు. ఏ మాట వల్ల తల్లి చిక్కిపోయిందో, ఆ మాట తన నోట్లోనే ఉంది! "తప్పయింది నీలాలూ" అని గబగబా పడవ ఎక్కాడు.

గూడబాతు పకపకా నవ్వింది. "కంగారు పడకు నాయనా. ఒకప్పుడు నేనూ అంతే. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడో సముద్రంలో దీవి మీద, ఇత్తడి పంజరంలో, చిలకలో ఉంది. ఆ చిలక నా ముక్కు మరీ పొడుగంది. నాలుగేళ్ళు ఆ నీళ్ళలో ముక్కు చూసుకుంటూ కూర్చున్నాను. ఈ పిల్ల వచ్చి చేపలబుట్ట చూపించాక గానీ నాకు ఆకలి గుర్తుకు రాలేదు."

"బాణంతో కొడితే?"

"ఒక చిలక రెండవుతుంది. మీ అద్దం చూశావుగా! అది గింజలు తినదు. మనం వెనక్కి తిరిగి మనల్ని చూసుకుంటామే, ఆ చూపులు తిని బతుకుతుంది."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. పున్నమి నాటి పొద్దున ఏడో సముద్రంలో దీవి కనిపించింది. ఒడ్డున పెద్దన్న నీళ్ళలోకి వంగి మీసం దువ్వుకుంటున్నాడు. పక్కనే రెండో అన్న తలపాగా చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఇద్దరూ తమ్ముణ్ణి తలెత్తి చూడనైనా లేదు.

"రాజకుమారా! ఆ చొక్కా ఇంకొంచెం!" అని అరిచింది చిలక.

మల్లదేవుడి చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. నీలాలు ఆ చేతిని పట్టుకుని తెడ్డు మీద పెట్టింది. "రెండు చేతులూ ఇక్కడ ఉంచండి దొరా. లెక్కపెడుతూ వెయ్యండి."

"ఒకటి, రెండు, మూడు..." మల్లదేవుడు కళ్ళు మూసుకుని తెడ్డు వేశాడు.

"ఏయ్ పిల్లా! ఆ జుట్టేంటి?"

"ఉప్పుగాలి" అంది నీలాలు. తిరిగి చూసుకోలేదు. చిలక గువ్వంత అయింది.

"ఆ చీరేంటి? మోకాళ్ళ దాకా తడి!"

"సముద్రం" అంది. చిలక పిచ్చుకంత అయింది.

"ఆ ముఖమేంటి? నిన్నెవడు చేసుకుంటాడే?"

ఈ మాట నీలాలుకు కొత్త కాదు. రేవులో రోజూ వినేదే. గుండెలో ఎక్కడో గుచ్చుకుంది కూడా. అయినా పడవను ఒడ్డుకు చేర్చి, దిగి, పంజరం దగ్గరికి నడిచి, "మా అమ్మ ముఖం" అంది. చిలక నేరేడు పండంత అయింది. పంజరం ఊచల సందులోంచి జారి ఆమె అరచేతిలో పడింది.

అక్కడ వణుకుతూ, "నేను... నేనెలా ఉన్నాను?" అని అడిగింది.

నీలాలు దాన్ని కాసేపు చూసింది. "బాగానే ఉన్నావు. వెళ్ళు" అంది.

ఆ మాట ఆ చిలకతో అంతవరకూ ఎవరూ అనలేదు. అది రెక్కలు విప్పింది, అడవిలోకి ఎగిరిపోయింది. దాంతో పాటే అద్దాలయ్య ఆయుష్షూ ఎగిరిపోయింది. అన్నలిద్దరూ ఉలిక్కిపడి లేచి, "తమ్ముడూ, తినడానికేమైనా ఉందా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే కోటలో నూరు ముక్కలూ మూగబోయాయి. మహారాణి సగం అల్లిన జడతో లేచి పెరట్లోకి వచ్చి, ఎండలో కూర్చుని, రెండు గిన్నెల పెరుగన్నం తిన్నది.

పది ఘడియలూ ఆడవాళ్ళకు తిరిగొచ్చాయి. కొందరు నిద్రపోయారు. కొందరు ఈత నేర్చుకున్నారు. కొందరు సరదా పుట్టి పూలజడలు వేసుకున్నారు. ఎవరి ఘడియలు వాళ్ళవి.

మల్లదేవుడు రేవుకు వెళ్ళి, "నన్ను చేసుకుంటావా?" అని నీలాలును అడిగాడు.

"ఇలాగేనా?"

"ఇలాగే."

పెళ్ళినాడు నీలాలు తలనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. మల్లదేవుడు ఆశ్చర్యపోతే, "ఎవరూ పెట్టుకోమనలేదుగా, అందుకే" అని నవ్వింది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు.

కానీ అదంతా తరవాతి సంగతి. పెళ్ళయిన మర్నాడు ఏం జరిగిందో వినండి. పక్క రాజ్యంలో ఆడవాళ్ళకు రోజుకు ఎన్ని ఘడియలు మిగులుతున్నాయో చూసి రావాలని మల్లదేవుడు బొగ్గుముక్క రొంటిన దోపుకున్నాడు. నీలాలు అప్పటికే తెడ్డు పట్టుకుని కూర్చుంది. ఆటు ఇంకా అర ఘడియే ఉంది. అతను పంచె పైకెత్తి, నలిగిందేమోనని చూసుకోకుండానే పడవలో కాలు పెట్టాడు.