భీమేశం చేతికి కట్టిన తాడు

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉందని తేలితే ఈ ఏడు నేను పెట్టిన ఆవకాయ జాడీలు నలభై ఎనిమిదీ ఈ వరదలో గోదారి పాలైపోనీ.

భీమేశానిది మన కోనసీమే. పుట్టి బుద్ధెరిగాక కొబ్బరి చెట్టు కన్నా ఎత్తయినదాన్ని చూసి ఎరగడు. అలాంటివాడు పాతికేళ్ళ వయసులో మోక్షం కావాలని బయల్దేరి, రైళ్ళెక్కి, బస్సులెక్కి, బస్సులు కూడా వెళ్ళలేని చోట కాళ్ళరిగేలా నడిచి, హిమాలయాల్లో బుర్‌కోటి అనే కొండ ఊరు చేరాడు. అక్కడ ఉన్ని మాయి దగ్గర శిష్యుడుగా కుదిరాడు.

మాయి అంటే అక్కడివాళ్ళ మాటలో అమ్మ. ఆవిడ సన్యాసిని. మనిషి మూరెడు, వయసు నూట పదికి తక్కువుండదు. చేతిలో కదురు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. నడుస్తూ ఉన్ని వడికేది, మాట్లాడుతూ వడికేది, నిద్రలో కూడా వడికేది. అందుకే ఆ పేరు. ఆవిడ వడికిన దారమంతా ఒకచోట కలిపితే భూమికి మూడు చుట్లు వస్తుంది. నాలుగో చుట్టుకి కాస్త తక్కువ పడుతుంది, అదీ నిజమే చెప్పాలి.

ఆ ఏడు చలికాలం వెళ్ళే రోజుల్లో భూకంపం వచ్చింది. అలాంటిలాంటిది కాదు. కవ్వం పెట్టకుండానే కుండల్లో వెన్న తేలింది. ఈ కొండ మీద నెమరేస్తున్న మేకలు ఆ కొండ మీద తేలి, అక్కడే నెమరేశాయి. గోడలు నెర్రెలిచ్చాయి, కప్పుల మీది రాతిపలకలు జారాయి. మిట్టమధ్యాహ్నం కాబట్టి, అందరూ చేలల్లో ఉండబట్టి ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఊరిపెద్ద ఖీమానంద్ కాలు మాత్రం బెణికింది. దూడని కాపాడబోయి అని ఆయన చెప్పాడు. దూడే ముందు పరిగెత్తిందని ఊరు చెప్పింది.

మొత్తానికి అందరూ పరిగెత్తారు, ఒక్క భీమేశం తప్ప.

అతను ఆ వేళ ఊరికి పైనున్న వాలులో, ఒక బల్లపరుపు రాయి మీద ధ్యానంలో ఉన్నాడు. భూమి ఊగింది. కళ్ళు తెరవలేదు. పక్కనించి బండలు దొర్లుకుంటూ పోయాయి. తెరవలేదు. అంతా సద్దుమణిగాక తీరిగ్గా తెరిచి చూసుకుంటే ఒంటిమీద బెత్తెడు దుమ్ము, నెత్తిమీద ఒక పిట్టగూడు, అందులో రెండు గుడ్లు.

సాయంత్రం అతను మాయి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, భూమంతా కదిలింది. నేను కదల్లేదు. సాధనలో ఇది ఎన్నో మెట్టు?"

మాయి కదురు ఆగలేదు. "కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

"లేదమ్మా."

"మంచిది. అయితే తట్ట తీసుకుని రా. పైన కొండ పగిలింది, పూడ్చడానికి బంకమన్ను మొయ్యాలి."

భీమేశం మనసు చివుక్కుమంది. బంకమన్ను మొయ్యడానికా ఇంత దూరం వచ్చింది? ధ్యానానికి వేళయిందని చెప్పి తప్పుకున్నాడు.

మాయి ఒక్కతే వెళ్ళింది. భీమేశం కూర్చునే రాయికి ఇంకా పైన, కొండ అడ్డంగా బీట వారింది. చేతికర్ర దింపితే పిడిదాకా దిగింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. మూడు రోజులు వాలంతా కలియదిరిగింది. బీటకి పైనున్న చెట్లు తిన్నగా ఉన్నాయి. కిందున్నవి లోయలోకి ఒరిగి ఉన్నాయి. వాలు అడుగున ఊట, అద్దంలా ఉండేది, బురద కక్కుతోంది. మాయి ఆ నీళ్ళు దోసిట పట్టి ఖీమానంద్‌కి చూపించింది.

"కొండ కడుపులోంచి మన్ను వస్తోంది చూడు. వానలు వెళ్ళేదాకా ఈ వాలు కింద ఎవరూ ఉండొద్దు. బీటలో నీళ్ళు దిగాయంటే కొండ దిగుతుంది."

ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళూ వాగు అవతల పచ్చికబయలులో గుడారాలు వేసుకున్నారు. అక్కడి గాలి సంగతి నన్నడుగు. ధనూలీ అని ఊళ్ళో ఒక కోడలుపిల్ల, ఒకరోజు ఆమె అత్తగారు గుడారంతో సహా లేచి, పక్క లోయలో చుట్టాల్ని పలకరించి, భోజనం చేసి తిరిగొచ్చింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. మొదటి జల్లులు పడ్డాయి. చంటిపిల్లలకి దగ్గు పట్టుకుంది. కళ్ళెదురుగా ఇళ్ళు పెట్టుకుని బయట తడవడం ఎవరికి మాత్రం ఇష్టం?

సరిగ్గా అప్పుడు ఖీమానంద్‌కి ఒక ఆలోచన తట్టింది.

"తెలుగు స్వామీజీని చూశారా? అంత భూకంపంలో కదల్లేదు. ఇప్పటికీ రోజూ ఆ వాలు మీదే కూర్చుంటున్నాడు. ఆయన కూర్చున్న కొండకి కదిలే ధైర్యం ఉంటుందా?"

"పెదనాన్నా, నా మేక కూడా రోజూ అక్కడే కూర్చుంటోంది," అంది ధనూలీ. "దానికీ దణ్ణం పెట్టుకోనా?"

అందరూ నవ్వారు గానీ మర్నాటినుంచి భీమేశం రాయి ముందు అక్రోటు కాయలూ, నేతి గిన్నెలూ చేరాయి. వారం తిరిగేసరికి ఆ నెయ్యి వాగులో పోస్తే వాగు పేరుకుపోయేది. అతనికీ బాగానే ఉంది. మాయి ఇవ్వని మెట్టు ఊరు ఇచ్చింది.

ఒకనాడు అతనే లేచి చెప్పాడు. "మూడు పగళ్ళు, మూడు రాత్రులు కదలకుండా కూర్చుంటాను. నేను కదలకపోతే కొండా కదలదని నమ్మండి. మూడోనాటి సాయంత్రం అందరూ మీమీ ఇళ్ళకి వెళ్ళి పొయ్యిలు వెలిగించుకోండి."

ఊరంతా జేజేలు కొట్టింది. మాయి కబురు తెలిసి రాయి దగ్గరికి బయల్దేరింది. ఇవాళ శిష్యుడికి మూడిందిరా అనుకుని, చూద్దామని అందరూ వెనకే వెళ్ళారు.

మాయి మేకవెంట్రుకలతో తనే పేనిన తాడు ఒకటి తెచ్చింది. ఏనుగుని కడితే ఏనుగు సిగ్గుపడి ఊరుకునేంత గట్టి తాడు. ఒక కొస బీటకి పైన, రాతి నేలలో పాతుకుపోయిన దేవదారు చెట్టుకి కట్టింది. తాడుని బీట మీదుగా కిందికి లాక్కొచ్చి, రెండో కొస భీమేశం కుడి మణికట్టుకి చుట్టి ముడేసింది. మధ్యలో జానెడు వదులుంచింది.

"ఇదెందుకమ్మా?"

"నువ్వు కదలనన్నావుగా?"

"కదలను."

"మరి తాడుంటే నీకేం బాధ?"

ఆవిడ వెళ్ళి దేవదారు మొదట్లో కూర్చుని కదురు తిప్పుకోసాగింది. ఆ మూడు రోజులూ అక్కడినించి లేవలేదు, చూపు తాడు మీదినుంచి తియ్యలేదు.

మొదటి రోజు తాడు అతని వీపు వెనక దండలా వేలాడింది. భీమేశం లోయవైపు ముఖం పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఉంచి, కళ్ళు మూసుకున్నాడు. ఒక ఈగ వచ్చి ముక్కుమీద వాలింది, గుడ్లు పెట్టింది, పిల్లల్ని లేపింది, మనవల్ని కూడా ఎత్తింది. అతను కదల్లేదు. మధ్యలో లేచి ఏ పొదచాటుకైనా వెళ్ళాడా అని అడక్కు. వెళ్ళలేదు. ఒట్టేశాక ఇంకా అనుమానమేమిటి?

రెండో రోజు వాన పడింది. ఒక్కో చినుకు గుమ్మడికాయంత. వాన వెలిశాక తాడులో వంపు లేదు. వెనక సంగతి భీమేశానికి కనపడదు కదా, మణికట్టు దగ్గర ఎవరో సుతారంగా పిలుస్తున్నట్టు మాత్రం తెలిసింది. అనుగ్రహం మొదలైంది అనుకున్నాడు.

మూడో రోజు అతని చెయ్యి మోకాలి మీదినుంచి లేచింది.

పొద్దున వేలెడు, మధ్యాహ్నానికి జానెడు. సాయంత్రమయ్యేసరికి భుజం ఎత్తుకి వచ్చి, అరచెయ్యి ఊరివైపు తిరిగి ఆగింది. వాగు అవతలినించి చూస్తున్న జనం చేతులు జోడించారు.

"స్వామీజీ దీవిస్తున్నారు!" అని అరిచి ఖీమానంద్ బెణికిన కాలు సంగతి మరిచి సాష్టాంగపడ్డాడు. లేవడానికి నలుగురు కావలసి వచ్చారు. ఇక ఎవరు ఆగుతారు? పరుపులు చుట్టారు, పిల్లల్ని చంకనేసుకున్నారు, గిన్నెలు మూట కట్టారు. వాగు మీది చెక్క వంతెనవైపు బారులు తీరారు.

భీమేశం లోపల్లోపల పొంగిపోతున్నాడు. తను వేలైనా కదపలేదు. చెయ్యి దానంతటదే లేచింది! ఇంకో రెండు రోజులుంటే మొత్తం మనిషే లేస్తాడేమో.

కదురు చప్పుడు దగ్గరికి వచ్చింది.

"కళ్ళు తెరువు నాయనా."

తెరిచాడు. ఎదురుగా మాయి.

"కదిలావా?"

"లేదమ్మా." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీమీద ఒట్టు, రవ్వంత కూడా కదల్లేదు."

"ఆ చెట్టు కదిలిందా?"

భీమేశం మెడ తిప్పి చూశాడు. దేవదారు ఎక్కడిదక్కడే, నిటారుగా ఉంది.

"లేదమ్మా."

"మరి మొన్న జానెడు మిగిలిన తాడు ఇవాళ చాల్లేదేం?"

భీమేశం తాడు వంక చూశాడు. ఏక్‌తారా తీగలా బిగుసుకుని ఉంది. తాడు కిందనున్న బీట వంక చూశాడు. మొన్న కర్ర పట్టే చోట ఇవాళ దూడ పడుతుంది. గాల్లో ఉన్న తన చెయ్యి చూసుకున్నాడు. కూర్చున్న రాయి చూసుకున్నాడు. దిగువన నలభై ఇళ్ళు. వంతెన మీద అడుగుపెడుతున్న మూటలు, మూటల వెనక పిల్లలు.

మాయి ముడి విప్పింది.

మూడు రోజులు ముడుచుకున్న కాళ్ళు గదా, మొదటి పది గజాలూ దొర్లాడు. తరవాత పరిగెత్తాడు. అతని నీడ అతని వెనక పావుగంటకి వచ్చింది. వంతెనకి అడ్డంగా చేతులు చాపి నిలబడి, కొండలు మారుమోగేలా అరిచాడు.

"ఆగండి! ఎవరూ ఇళ్ళకి వెళ్ళొద్దు! నేను కదిలాను! నేను కదిలాను!"

"అదేంటి స్వామీజీ, మేమంతా కళ్ళారా చూస్తేనూ!" అన్నాడు ఖీమానంద్. "మీరు కదల్లేదు!"

"జానెడు పైనే కదిలాను! రాయితో సహా కదిలాను! నమ్మకపోతే వచ్చి తాడు చూడండి!"

"కదల్లేదు స్వామీజీ, మీరు వినయం కొద్దీ అంటున్నారు."

"వినయమా నా తలకాయా! కదిలానయ్యా బాబూ! ఆ వాలుమీద ఉన్న ప్రతిదీ కదుల్తోంది!"

ధనూలీ అతని ముఖంలోకి ఒకసారి, పైన బిగిసిన తాడు వంక ఒకసారి చూసింది. నెత్తిమీది మూట దించి కింద పెట్టింది. ఆమె వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే దించారు. చివరికి ఖీమానంద్ ఒక్కడే మూటతో మిగిలాడు. కాసేపు చూసి తనూ దించాడు, కాలు నొప్పిగా ఉందన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే అందరికన్నా ముందు బంకమన్ను తట్ట ఎత్తుకున్నది భీమేశమే. ఊరంతా కదిలింది. బీటలో మన్ను కూరి, నీరు దిగకుండా గట్టిగా దిమ్మెసతో కొట్టారు. దానికి పైన అడ్డంగా కాలవ తవ్వి, వాననీళ్ళు వాలు మీదికి రాకుండా పక్క గెడ్డలోకి మళ్ళించారు. బీట పొడుగునా పన్నెండు చోట్ల తాళ్ళు కట్టి, ప్రతి తాడుకీ ఒక మేకగంట తగిలించారు. వంతులవారీగా కాపలా కాశారు. భీమేశం అందరి వంతుల్లోనూ ఉన్నాడు. ఒక్కడే నాలుగువేల తట్టలు మోశాడంటే, లెక్క తక్కువే చెబుతున్నాను.

నడివానల్లో ఒక మధ్యాహ్నం ఆ మేకగంటలు పన్నెండూ ఒక్కసారిగా మోగాయి. ఆ రోజు కొండచరియ దిగింది. అంతా దిగలేదు, సగమే. ఆ సగం పదకొండు ఇళ్ళని మింగింది, ఇరవై తొమ్మిది నిలబడ్డాయి. ఆ పదకొండు ఇళ్ళలోనూ మనిషి కాదుగదా, కోడిపిల్ల కూడా లేదు. భీమేశం కూర్చునే రాయి వాగులో పడింది. ధనూలీ ఇప్పటికీ దాని మీదే బట్టలు ఉతుకుతుంది.

వానలు వెలిశాక ఒక సాయంత్రం భీమేశం మాయి పక్కన కూర్చుని ఉన్ని చిక్కులు తీస్తున్నాడు. తీస్తూనే అడిగాడు.

"అమ్మా, ఇక నన్ను ధ్యానానికి ఎక్కడ కూర్చోమంటారు?"

"ఎక్కడైనా కూర్చో నాయనా," అంది మాయి. "ముందు తాడు కట్టుకుని కూర్చో."

తాడు కట్టించుకోవడానికి భీమేశం చెయ్యి చాపాడు. మాయి కదురు అతని చేతిలో పెట్టింది.

అదీ సంగతి. ఇంక లే అమ్మడూ, ఇంతసేపూ బాసింపట్టు వేసుకుని భీమేశంలాగే కూర్చున్నావు. పొద్దున ఏటిగట్టు లోపలివైపు, సరిగ్గా నీటి అంచున ఒక పుల్ల పాతి వచ్చాను. ఆ పుల్ల ఒడ్డున ఉందో గోదాట్లో ఉందో చూసిరా. వచ్చేటప్పుడు సత్యవతి దొడ్లోంచి నాలుగు కరివేపాకు రెబ్బలు కూడా తే. ముందు పుల్ల, తరవాతే కరివేపాకు.