కంటకయ్య రాసిన రెండో ఆకు

కొండ దిగువన, వాగు ఒడ్డున ప్రతి గురువారం జంతువుల సంత జరిగేది. ఆ సంతలో ఒక మూల కూర్చుని పన్నెండేళ్లు చూసినవాడు కంటకయ్య అనే ముళ్ళపంది. ఎవరు ఏ గంప ముందు ఆగుతారు, ఏ మాట వింటే కొంటారు, ఎక్కడ మోసపోతారు, అన్నీ గమనించాడు. తన ముల్లునే గంటంగా పట్టి తాటాకుల మీద రాశాడు.

మొదటి ఆకులో ఇలా ఉంది: "కొనేవాడి చూపు గంప పైనే ఆగిపోతుంది. పైన నాలుగు మంచి గింజలుంటే అడుగున ఏముందో అడగడు." రెండో ఆకులో, "కాబట్టి కొనేవాడా, అడుగు దాకా కెలికి చూసుకో" అని ఉంది. పేదాసాదా మోసపోకూడదనే ఆయన ఇదంతా రాసింది.

ఆ తాటాకుల కట్ట ఏడు అడవులు తిరిగింది. కొంగలు నకళ్ళు రాసుకున్నాయి. "కంటకయ్యగారు చెప్పినట్టు" అనకుండా ఏ సభా మొదలయ్యేది కాదు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముళ్ళు నిక్కబొడుచుకునేవి. మురిసిపోయాడు, దాచడం దేనికి?

మృగశిర కార్తె ఇంకో పదిరోజుల్లో ఉందనగా, భూమయ్య అనే ముసలి ఎద్దు గంప ఈడ్చుకుంటూ ఆయన ఇంటికి వచ్చాడు.

"పంతులుగారూ, ఈ జొన్న విత్తనం కాస్త చూసి చెప్పండి."

కంటకయ్య తొంగి చూశాడు. "ముత్యాల్లా ఉన్నాయి. మంచివేగా?"

"మీరూ పైనే చూశారు," అంటూ భూమయ్య గంప వంచాడు. అడుగంతా పురుగు తొలిచిన పుచ్చు గింజలు.

"ఎవరిచ్చారయ్యా ఇవి?"

"జంబులింగం నక్క. వాడి చేను పది రోజులు దున్నిపెడితే ఇచ్చాడు. ఇదేమిటయ్యా అనడిగితే, 'నా తప్పేముంది? కంటకయ్యగారి పుస్తకంలో ఉన్నట్టే పేర్చాను' అన్నాడండీ."

కంటకయ్య ఒక పుచ్చు గింజ తీసి నలిపాడు, పొడి రాలింది.

"అదను తప్పితే పంట లేదు. నేను పస్తుంటాను, నాకు అలవాటే. ఇంట్లో ఈనిన ఆవు ఉందండీ," అన్నాడు భూమయ్య. కోపం లేదు ఆ గొంతులో. "మీరు మా కోసం రాశారని విన్నాను. మాలో చదువొచ్చినవాళ్ళు ఎవరండీ?"

నిజమే. ఆ సంతలో చదువొచ్చినవాళ్ళంతా అమ్మేవాళ్ళే. ఏడు అడవుల కీర్తి అంతా దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది. కంటకయ్యకు సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

మర్నాడే నక్క ఇంటికి వెళ్ళాడు. జంబులింగం నేల దాకా వంగాడు. నక్క వినయం గురించి వేరే చెప్పాలా?

"రండి గురువుగారూ! మీ పుస్తకం మాకు వేదం."

"రెండో ఆకు చదివావా?"

"మొదటి ఆకుతోనే నా గాదె నిండిపోయింది. రెండోదెందుకండీ?" అని నక్క నవ్వాడు.

కంటకయ్య ఇంటికొచ్చి కొత్తగా రెండు ఆకులు రాశాడు. బుధవారం పట్టుకెళ్ళి నక్క చేతిలో పెట్టాడు. "ఇంకా ఏ అడవికీ పంపలేదు. రెండూ చదివాకే వాడు," అని మరీ చెప్పాడు.

"తప్పకుండా, తప్పకుండా!" అంటూనే నక్క మొదటి ఆకు అందుకుని చదివాడు: "అమ్మేవాడు నలుగురి ముందు ఒట్టు పెడితే కొనేవాళ్ళు గంప విప్పి చూడరు. ఒట్టు ఎంత పెద్దదైతే నమ్మకం అంత పెద్దది." అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

గురువారం నక్క బండ ఎక్కి, సంత పెద్ద అయిన ఏనుగు ముందే గొంతెత్తాడు. "మొన్నటి గంపైనా, నేటి గంపైనా, నా విత్తనంలో పుచ్చు తేలితే నా గాదె తలుపు తీసి మంచి గింజ కొలిచి ఇస్తాను! వాగు సాక్షి, పెద్దయ్య సాక్షి!"

జనం ఎగబడ్డారు. ఒక్కరూ గంప విప్పి చూడలేదు. తన మాట మళ్ళీ నిజమవుతుంటే కంటకయ్య గుండె బరువెక్కింది. మొన్నటి గంపతో పక్కనే నిలబడ్డ భూమయ్య వైపు తిరిగి, "వెళ్ళు," అన్నాడు.

ఎద్దు నిదానంగా వెళ్ళి తన గంప వాగు మడుగులో వంచాడు. గుప్పెడు గింజలు మునిగాయి. లోపల డొల్లయిన మిగతావన్నీ తేలాయి. అది చూసి పక్కనున్న కుందేలు తన గంప వంచింది, ఆ వెనక మేకా వంచింది. మడుగంతా పుచ్చు గింజలే.

"నేను... కంటకయ్యగారి పుస్తకంలో ఉన్నట్టే చేశాను!" అన్నాడు నక్క.

"రెండో ఆకులో ఏముందో చదువు నాయనా," అన్నాడు కంటకయ్య.

నక్క ఆకు తీసి చదివాడు. "ఒట్టు పెట్టే ముందు గంప అడుగు చూసుకో. నూటికి ఒక్కడు విప్పి చూస్తాడు. ఆ ఒక్కడు చాలు."

ఏనుగు లేచి నక్క గాదె వైపు నడిచింది. మోసపోయినవాళ్ళందరికీ మంచి గింజ కొలిచి ఇచ్చేసరికి, పొద్దు వాలే లోపు గాదె ఊడ్చినట్టయింది. కార్తె రాకముందే భూమయ్యకు మంచి విత్తనం అందింది. ఆ తర్వాత ప్రతి గురువారం జంబులింగం గంప పరుచుకుని కూర్చునేవాడు, ఎవరూ ఆగేవారు కాదు. కంటకయ్య సంత మొదట్లో నిలబడి, చదువు రానివాళ్ళకు తన పాత కట్టలోని రెండో ఆకు గొంతు నొప్పెట్టేదాకా చదివి వినిపించేవాడు.

మన మాట నలుగురి నోటా పలుకుతోందని మురిసే ముందు, అది ఎవరి చేలో మొలిచిందో చూసుకోవాలి.