పాకకి దూరమైతే గడ్డపెరుగు

గవిరయ్య ఇంటిల్లిపాదికీ తమ తెలివి మీద మహా గర్వం. ఊళ్లో ఉన్న తెలివంతా మా పాకలోనే కట్టేసి ఉందనేవాళ్ళు. నిజానికి ఆ పాకలో కట్టేసి ఉన్నది ఒక గేదె. దాని పాలతోనే ఇల్లు గడిచేది. ఆ పాలు పితికేది తమ్ముడి పెళ్ళాం పైడమ్మ. ఆమె చంటిదాని కడుపు నిండేదీ వాటితోనే.

ఓసారి గవిరయ్య పట్నంలో పాల డెయిరీకి వెళ్ళాడు. గేటు దగ్గర క్యాన్లు మోసేవాడు చెమటలో నానిపోతున్నాడు. లోపల ఫ్యాను కింద ఒకాయన కాగితాల మీద ముద్రలు కొడుతున్నాడు. మేడమీద ఏసీ గదిలో ఇంకొకాయన, ముద్రలు పడ్డాయా లేదా అని అడుగుతున్నాడు.

"వీళ్ళలో జీతమెవరికెక్కువ?" అని గవిరయ్య వాచ్‌మన్‌ని అడిగాడు.

"మేడమీదాయనకి. ఆయన్ని మించి హైదరాబాదులో ఉండే పెద్దాయనకి."

"ఆయన పాలు బాగా పితుకుతాడా?"

"ఆయనా? గేదెల పాకలో అడుగుపెట్టిన పాపాన పోలేదు!"

అంతే! గవిరయ్యకి జ్ఞానోదయమైపోయింది. పాకకి ఎంత దూరముంటే అంత జీతమన్నమాట. ఇన్నాళ్ళూ పాక పక్కనే బతికి బతుకు పాడుచేసుకున్నానని పాపం ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే రూలు పెట్టాడు. "ఇవాళ్టి నుంచి పాకకి దూరంగా ఉన్నవాళ్ళకి గడ్డపెరుగు, దగ్గరున్నవాళ్ళకి నీళ్ళమజ్జిగ!"

"పితికేది నేను కదా బావగారూ?" అంది పైడమ్మ.

"అందుకేనమ్మా నీకు మజ్జిగ! నువ్వు పాకలోనే కూర్చుంటివాయె."

పైడమ్మకీ అది న్యాయంగానే తోచింది. ఎంతైనా ఆ ఇంటి కోడలు!

ఇంకేముంది, గవిరయ్య కుర్చీ పట్టుకుపోయి వీధి చివర వేసుకున్నాడు. తమ్ముడు సూరప్పడు ఊరుకుంటాడా? ఊరి చివర కూర్చున్నాడు. అన్న పొలాలు దాటాడు. తమ్ముడు ఏరే దాటాడు. "పాలు పితికిందా?" అని తమ్ముడు అరవడం, "కనుక్కుంటా!" అని అన్న అరవడం. అబ్బో, ఊపిరాడనంత పని! సాయంత్రానికి గొంతులు పోయాయి. ఇంత కష్టానికి ఈ పెరుగు చాలదని ఇద్దరూ మొత్తుకున్నారు.

మజ్జిగతో పైడమ్మ నీరసపడిపోయింది. "నాకూ ప్రమోషన్ కావాలి!" అంటూ చంటిదాన్ని చంకనేసుకుని ఏటి అవతలికి వచ్చేసింది. అప్పటికి అన్న కూడా ఏరు దాటేశాడు; అన్నదమ్ములు చప్పట్లు కొట్టి చోటిచ్చారు. ఇప్పుడందరూ ఆఫీసర్లే. పాకలో మాత్రం నరపురుగు లేదు.

పొదుగు సలిపి గేదె అరిచి అరిచి, తాడు తెంపుకుని పోయింది. ఇక్కడ చంటిది పాలకోసం గుక్కపట్టింది. పైడమ్మ గుండె తరుక్కుపోయింది. "బావగారూ, ముందు గేదెని వెతకండి!"

వెతగ్గా వెతగ్గా కొండ అవతల దొరికింది, దర్జాగా నెమరేస్తూ. పైడమ్మ చంటిదాన్ని కిందికి దింపి చెంబుతో పరిగెత్తింది. గవిరయ్య అడ్డుపడ్డాడు.

"ఆగమ్మా! పాకకి మనందరికన్నా దూరమొచ్చారు. ఎంత పెద్దాఫీసరో ఏమో!"

వెంట తెచ్చుకున్న తన వాటా గడ్డపెరుగు గేదె ముందు పెట్టి చేతులు కట్టుకున్నాడు. చంటిది పాక్కుంటూ పోయి పొదుగు పట్టుకోబోయింది.

"తప్పు! అపాయింట్‌మెంట్ లేకుండానా?" అని వెనక్కి లాగి, "అయ్యా, పసిదానికి పాలు..." అని నసిగాడు.

పెరుగు నాకి గేదె తల ఊపింది.

"విన్నారా? రేపు రమ్మంటున్నారు!"

ముగ్గురూ వంగి వంగి దండాలు పెట్టి, ఏడుస్తున్న పిల్లతో, ఖాళీ చెంబుతో ఇంటిదారి పట్టారు.