ముంగిస చెప్పని దెబ్బ

అనగనగా ఒక కొండవాలు అడవి. ఆ అడవిలో ఏటా ఎండలు ముదరకముందే జంతువులన్నీ ఒక పెద్ద ఆట ఆడేవి. వంకర కర్రతో కరక్కాయను కొట్టుకుంటూ పోవాలి. పచ్చిక దాటించి, పొదలు తప్పించి, ఒక్కొక్క గుంటలో వేసుకుంటూ రావాలి. ఆట మూడు రోజులు. అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవారిదే గెలుపు. గెలిచినవారి కుటుంబానికి ఆ ఎండాకాలమంతా ఊటచెలమ దగ్గర నీళ్లకు మొదటి వంతు. మిగిలినవారి వంతులు దెబ్బల వరసలో వస్తాయి.

ఆ ఆటకు కాపలా ఎవరూ ఉండరు. ఎవరి దెబ్బలు వాళ్లే లెక్కపెట్టుకుని, సాయంత్రం రాతిబండ దగ్గరికి వచ్చి వాళ్లే చెప్పాలి. కొట్టబోతూ కర్ర ఆనించినప్పుడు కాయ కాస్త కదిలినా సరే, అదీ ఒక దెబ్బే. చూసినవాళ్లు ఉన్నా లేకపోయినా అంతే.

ముంగిసకు ఆ మొదటి వంతు ఎంతో కావాలి. పోయిన ఎండల్లో, చెలమ దగ్గర తమ వంతు వచ్చేలోపే, దాని చిన్నపిల్ల దాహంతో కన్నుమూసింది. మిగిలిన ఇద్దరినైనా కాపాడుకోవాలని ముంగిస ఏడాది పొడుగునా కర్ర వదలకుండా సాధన చేసింది.

మొదటి రోజు ఆట అద్భుతంగా సాగింది. ముంగిస ఎటు కొడితే కాయ అటే పోయింది. ఆఖరి గుంట దగ్గర మాత్రం ఎండుటాకుల మీద ఆగింది. ముంగిస కర్ర ఆనించింది. ఆకు జారింది, కాయ కదిలింది.

జోడీగా ఆడుతున్న ముళ్లపంది అటు తిరిగి తన కాయను వెతుక్కుంటోంది. ముంగిస చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఇంటి దగ్గరున్న పిల్లలు గుర్తొచ్చారు. పాపం, తల్లి మనసు. నోరు మెదపకుండా కాయను గుంటలో వేసేసింది.

సాయంత్రం ఒకే ఒక్క దెబ్బ తేడాతో ముళ్లపందిని దాటి ముంగిస అందరికంటే ముందు నిలిచింది.

"బాగా ఆడావు చెల్లెమ్మా," అని ముళ్లపందే మొదట మెచ్చుకుంది. ముంగిస తల ఎత్తలేకపోయింది.

అక్కడ ఇంకో ఆనవాయితీ ఉంది. మొదటి రోజు ముందు నిలిచినవారు రెండో రోజు సాయంత్రం బండ ఎక్కి అందరి లెక్కలూ వినాలి. మర్నాడు ముంగిస ఎక్కింది.

కుందేలు వచ్చింది. "కర్ర ఊపాను గానీ కాయకు తగల్లేదు. అయినా ఒకటి కలుపు," అంది.

దుప్పి వచ్చింది. "పొదలో నాదనుకుని వేరేవాళ్ల కాయ కొట్టేశాను. దానికి ఎంత పడితే అంత కలుపు," అంది.

ముళ్లపంది వచ్చింది. "కర్ర ఆనించగానే నా కాయ కదిలింది చెల్లెమ్మా. ఒకటి కలుపు," అంది.

"నేను నీ పక్కనే ఉన్నాను. చూడలేదే అన్నా," అంది ముంగిస సన్నని గొంతుతో.

"నేను చూశాను కదా," అంది ముళ్లపంది.

ముంగిస ఇక తట్టుకోలేకపోయింది. బండ దిగి, అందరికీ పెద్దదైన ఎలుగుబంటి ముందు నిలబడింది. "తాతా, నిన్న నా కాయ కూడా కదిలింది. నేను చెప్పలేదు," అని ఏడ్చేసింది.



"నిన్ననే చెప్పి ఉంటే ఒక్క దెబ్బతో పోయేదమ్మా," అంది ఎలుగుబంటి. "ముళ్లపందితో సమానంగా నిలిచేదానివి. తప్పు లెక్క చెప్పి బండ దాటి వెళ్లినవారికి ఆ ఏడు ఇక ఆటే లేదు. మన కట్టుబాటు నీకూ తెలుసు."

ముంగిస కర్ర అక్కడే పెట్టేసి ఇంటికి నడిచింది.

ఆ ఏడు దుప్పి గెలిచింది. ముంగిస కుటుంబానికి ఆఖరి వంతు వచ్చింది. దాని ముందు వంతు, మూడో రోజు ఆట బాగా చెడిన ముళ్లపందిది.

"పిల్లల్ని నా ముందుకు పంపు చెల్లెమ్మా," అంది ముళ్లపంది. అప్పటికే నీళ్లు అడుగంటాయి. పిల్లలు ఆ బురదనీళ్లే తాగి బతికారు.

"అమ్మా, మనమెందుకు అందరికంటే వెనక?" అని అడిగారు.

"నేను చెప్పాల్సిన మాట ఆ రోజే చెప్పలేదు, అందుకు," అంది ముంగిస. వాళ్ల దగ్గర ఏమీ దాచలేదు.

మళ్లీ ఏడాది తిరిగింది. మొదటి రోజు, మొదటి గుంట. ముంగిస కర్ర ఆనించింది. కాయ కదిలింది. జోడీ పొదల అవతల ఉంది, చుట్టుపక్కల ఒక్క ప్రాణీ లేదు. ముంగిస కర్ర దించి, వాలంతా వినబడేలా అంది:

"నా కాయ కదిలింది. ఒకటి కలపండి."

నీతి: ఎవరూ చూడని తప్పును వెంటనే ఒప్పుకుంటే కొంచెమే పోతుంది. దాచుకుంటే దక్కాల్సింది కూడా పోతుంది.