భట్టుగారి పట్టురుమాలు

వెలగలదిన్నె సంస్థానాన్ని ఏలే వీరభూపతికి ఓ పొద్దున ఉన్నట్టుండి వణుకుతో జ్వరం ముంచుకొచ్చింది. ఒళ్ళంతా పచ్చిపుండు, ఆగని పొడిదగ్గు. ఆయన తుమ్మితే కోటగోడ మీది పావురాలు లేచిపోయేవి. సాయంత్రానికి మంత్రి మంచమెక్కాడు, మర్నాటికి సేనాపతి.

ఇప్పుడైతే దీనికి ఫ్లూ అని పేరుంది. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష ఉంది, వైద్యుడు రాసిచ్చే మందుంది, ఏటేటా వేసుకునే టీకా ఉంది. అప్పుడేముంది నా మొహం! ఆస్థాన వైద్యులు శేషభట్టుగారున్నారు, ఆయన మీసముంది.

నాలుగో రోజు కాస్త తెరిపిన పడగానే రాజు కొలువు తీర్చాడు. ఒక్కొక్కరూ కంబళి కప్పుకుని మూలుగుతూ వచ్చి కూర్చున్నారు.

"ఈ జ్వరాన్ని నా కోటలోకి తెచ్చిందెవరో ఇవాళే తేలాలి! తేల్చినవాళ్ళకి నా చేతి కడియం, ఈ బంగారు మురుగు ఇస్తాను" అన్నాడు రాజు.

శేషభట్టు లేచాడు. అరచేతిలోకి ఒక తుమ్ము తుమ్మి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, మీసం దువ్వాడు.

"ఇంకెవరు ప్రభూ, పెరుగు తెచ్చే కాటమ్మ! చల్లటి పెరుగు, దానికి తోడు పాడు దిష్టి. పొద్దుగూకేలోగా ఊరు దాటించండి, జ్వరం దానంతటదే పోతుంది."

గుమ్మం దగ్గర పెరుగు కుండతో నిలబడ్డ కాటమ్మ గొల్లుమంది. "అయ్యా, నలుగురు పిల్లల్ని, రెండు బర్రెల్ని ఏసుకుని నేను యాడికి పోయేది? ఇరవై ఏళ్ళుగా ఈ కోటకే గదా పెరుగు పోస్తన్నా!"

రాజు మాత్రం సరేనన్నట్టు తలూపాడు. పక్కనే తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ ఓబులమ్మకి ఒళ్ళు మండింది. రాజుగారికి ఆకులు చుట్టిచ్చే మనిషే గానీ, ఆమె నోటికి జడిసి సేనాపతి కూడా పక్కదారిన పోయేవాడు.

"మహాప్రభూ, అదే కుండ పెరుగు అంతఃపురంలో రాణిగారూ తిన్నారు, చెలికత్తెలూ తిన్నారు. అక్కడ ఒక్క తుమ్మూ లేదే!"

"ఆడవాళ్ళ ఒంటి తత్వం వేరు" అని నవ్వాడు భట్టు. "ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే వైద్యం?"

రాజుకి సరదా పుట్టింది. "సాయంత్రం దాకా గడువిస్తున్నా ఓబులమ్మా. తేల్చావా, మురుగు నీది. తేల్చలేదా, కాటమ్మతో పాటు నువ్వూ మూట సర్దుకో!"

ఓబులమ్మ సరేనంది. లోపలికెళ్ళి పసుపురంగు పట్టురుమాలొకటి తెచ్చి, రెండు చేతులా భట్టుకి అందించింది.

"తమరంతటివారు ఉత్తరీయంతో ముక్కు తుడుచుకోవడమేమిటండీ? ఇది రాణిగారి పెట్టెలోది. ఎలాగూ కొలువంతా ఇక్కడే ఉంది, అందరి నాడీ ఒకసారి చూడండి. సాయంత్రం నన్ను వెళ్ళగొట్టాక మీ మాటకి తిరుగుండదు."

భట్టు పొంగిపోయాడు. తుమ్మడం, రుమాలుతో తుడుచుకోవడం, కళ్ళు మూసుకుని ఇంకో మణికట్టు పట్టుకోవడం. రాజు, మంత్రి, సేనాపతి, ఆఖరికి గుమ్మం దగ్గర కాపలావాణ్ణీ వదల్లేదు. ముక్కు కారినప్పుడల్లా వాళ్ళూ అదే మణికట్టుతో తుడుచుకుంటున్నారు. జలుబు చేసినవాడికి మర్యాద ఎక్కడ గుర్తుంటుంది చెప్పండి!

పొద్దు వాలింది. కాటమ్మ మూట కట్టుకుని ఏడుస్తూ నిలబడింది. ఓబులమ్మ పళ్ళెంలో నీళ్ళు తెచ్చింది.

"దిష్టి దిష్టి అన్నారుగా, తీసేస్తాను."

భట్టు పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, దిష్టి నీళ్ళు ఎర్రగా ఉండాలే! ఎరుపేదీ?"

"ఎరుపు మీ దగ్గరే ఉంది భట్టుగారూ!"

ఆ నీళ్ళలో గుడ్డ ముంచి ముందు కాటమ్మ చేతులు తుడిచింది. ఏమీ లేదు. రాజుగారి మణికట్టు తుడిచింది. నాలుగు వేళ్ళ అచ్చు ఎర్రగా తేలింది! ముక్కు తుడిస్తే పండుమిరపకాయే. మంత్రి బుగ్గ ఎరుపు, సేనాపతి గడ్డం ఎరుపు. ఇక భట్టుగారి సంగతా? అరచెయ్యి, ముక్కు, మీసం, అన్నీ ఎరుపే.

"ఏమిటే ఈ మాయ?" అన్నాడు రాజు.

"మాయెక్కడిది ప్రభూ? పట్టురుమాలులో పసుపు చల్లాను, గుడ్డ రంగులో కలిసిపోయింది. ఈ నీళ్ళు నా పెట్టెలోని సున్నపు తేట. పసుపు మీద సున్నం పడితే ఎర్రబడుతుందని చంటిపిల్లకీ తెలుసు. భట్టుగారి ముక్కు నుంచి చేతికి, చేతి నుంచి మీ మణికట్టుకి, అక్కణ్ణుంచి మీ ముక్కుకి ఎలా వచ్చిందో చూశారుగా? జ్వరమూ ఈ దారినే వచ్చింది, కంటికి కనబడలేదంతే. మీకు జ్వరం రాకముందే, పొరుగూరి పెళ్ళి నుంచి అందరికన్నా ముందు తుమ్ముకుంటూ వచ్చి మీ నాడి పట్టిందెవరు? అన్నట్టు, అంతఃపురంలో ఆయన నాడి ఎలా చూస్తారు ప్రభూ?"

"రాణి మణికట్టుకి దారం కడతారు. తెర ఇవతల కూర్చుని ఆయన కొస పట్టుకుని..." రాజు ఆగిపోయాడు.

"అదీ సంగతి! పెరుగు లోపలికెళ్ళింది. భట్టుగారి చెయ్యి వెళ్ళలేదు."

శేషభట్టు చేతులు జోడించాడు. "నిజమే తల్లీ, ఆ పెళ్ళి నుంచే జ్వరంగా ఉంది. వైద్యుడే మంచం పడితే నలుగురూ నవ్వుతారని దాచాను. పాపం, ఆ పిల్లలతల్లి మీదకి నెట్టాను."

రాజు దగ్గొచ్చేదాకా నవ్వాడు. "భట్టుగారికి ఏడు రోజులు మంచం శిక్ష! వేడి గంజి, మిరియాల చారు, నిద్ర. ఒక్క నాడి ముట్టడానికి వీల్లేదు. తుమ్మొస్తే మోచేతి మడతలోకి తుమ్మాలి. కాటమ్మా, మూట విప్పు. రేపటి నుంచి రెండు కుండలు తే!"

అని, అరచేతిలోకి గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, ఆ చేత్తోనే మురుగు తీసి ఓబులమ్మకి చాచాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మురుగెక్కడికీ పోదు గానీ, ముందు చేతులు కడుక్కోండి ప్రభూ!"

కొలువంతా ఘొల్లుమంది. కాటమ్మే పరుగున చెంబు తెచ్చి, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ, రాజుగారి చేతుల మీదా మురుగు మీదా నీళ్ళు పోసింది. అప్పుడు తీసుకుంది ఓబులమ్మ.