వీరన్న తాత పథ్యం

సముద్రపు గాలి తగిలే ఒక ఊరి చివర సూరమ్మ దొడ్డి ఉంది. దొడ్డికి ఒక పక్క ఎండుచేపలు ఆరబెట్టే పందిరి, ఇంకో పక్క గడ్డివామి, మధ్యలో గోనెసంచి మీద వీరన్న. వీరన్నంటే కుక్క. వయసులో ఉన్నప్పుడు ఆ పందిరి మీద కాకిని వాలనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కాకి వచ్చి తోక పీకినా తల తిప్పి, "ఎవరూ?" అంటాడు.

పశువుల డాక్టరు వచ్చి చూసి మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నాడు. "ఉప్పు తగలనివ్వకమ్మా. చేపలు, గుడ్లు, ఎముకలు ఏవీ వద్దు. నూకల జావలో సొరకాయ మెత్తగా ఉడికించి, ఈ మందు కలిపి పెట్టు." సూరమ్మ తు.చ. తప్పకుండా అలాగే చేసింది. గిన్నె ముందుంచి, "తినరా నాన్నా" అని చేపల పనిలోకి పోయేది. వీరన్న గిన్నెలో ముక్కు పెట్టి, తీసి, అటు తిరిగి పడుకునేవాడు.

దొడ్డిలో దిగులు మొదలైంది. అందరికంటే ఎక్కువ దిగులు కోడిపెట్ట చుక్కమ్మకి. ఆమెకి ఆకు రాలినా గుండె దడే.

"తాతా, రెండు మెతుకులైనా తినవా? ఇలా అయితే ఏమైపోతావు?" అంది ఓ పొద్దున.

"రుచీ పచీ ఉంటేగా అమ్మాయ్ తినడానికి? గోడకి వేసే సున్నంలా ఉంది." వీరన్న గొంతు తగ్గించాడు. "నువ్వు పెడితే దిగుతుందేమో. నీ చెయ్యి వేరు."

కోడికి చెయ్యెక్కడిదని మీకు అనుమానం రావచ్చు. చుక్కమ్మకి రాలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఎవరికీ చెప్పకు. తెలిస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు," అన్నాడు వీరన్న.

డాక్టరు మాట చుక్కమ్మ చెవుల్లో ఉంది. ఒక్క గుడ్డేగా, ఏమవుతుందిలే అనుకుంది. అప్పుడే పెట్టిన గుడ్డుని దొర్లించుకుంటూ వచ్చి గోనె పక్కన పగలగొట్టింది. వీరన్న చప్పరిస్తూ తిన్నాడు. ఆయన తింటున్నంతసేపూ పక్కనే కూర్చుంది. ఆ రోజుకి ఆమె మనసు కుదుటపడింది.

ఆమె అటు వెళ్ళగానే ఆయన పిల్లి బూడిదమ్మని పిలిచాడు. అదే గొంతు, అవే మాటలు. ఇంకొకళ్ళకి పైసా విలువ చేసే సాయం చెయ్యని బూడిదమ్మ, నీ చెయ్యి వేరు అనేసరికి కరిగిపోయింది. పందిరి మీంచి ఎండుచేప ఎత్తుకొచ్చి, బాదం ఆకులో చుట్టి తెచ్చింది. ఎద్దు ఎర్రన్న వంతు కూడా వచ్చింది. కుడితిలో సూరమ్మ గుప్పెడు ఉప్పు వేస్తుందని ఎర్రన్నకి తెలుసు. అయినా అందులో నానిన తెలగపిండి ముద్దని మూతితో తొట్టి అంచు దాటించి కింద పడేశాడు. ఒక్క ముద్దేగా.

రోజూ ఒక్క గుడ్డు, ఒక్క చేప, ఒక్క ముద్ద. ముగ్గురూ ఎవరికి వాళ్ళు, ముసలాయన ప్రాణం తన మీదే నిలబడిందని లోపల్లోపల మురిసిపోయారు.

వీరన్న కాళ్ళు వాచాయి. నీళ్ళ కుండ దగ్గర్నించి కదలడం మానేశాడు. నోటి నుంచి చెడ్డ వాసన మొదలైంది. లేవబోతే వెనక కాళ్ళు మాట వినేవి కావు. చుక్కమ్మకి నిద్ర పట్టక, తన గుడ్డు చాలడం లేదేమో అనుకుంది. మిగతా ఇద్దరూ అలాగే అనుకుని ఇంకొంచెం పెంచారు.

డాక్టరు మళ్ళీ వచ్చి, కాలి మీద వేలు పెట్టి నొక్కాడు. గుంట అలాగే ఉండిపోయింది.

"ఉప్పు ఎక్కడ తింటున్నాడమ్మా?"

"నా బిడ్డల మీద ఒట్టు బాబూ, రవ్వంత కూడా వెయ్యలేదు."

"సంతరోజున ఇటే వస్తాను. అప్పటికి వాపు తగ్గకపోతే సూది వేసి నిద్రపుచ్చేద్దాం. ఈ బాధ పడే కంటే అదే నయం." సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గడ్డివామి వెనక ముగ్గురూ చేరారు.

"చంపేస్తారా ఎర్రన్న మావా? తాతని నిజంగా చంపేస్తారా?" చుక్కమ్మ అటూ ఇటూ తిరుగుతోంది. "నేనిచ్చే గుడ్డులో ఉప్పెక్కడుంది చెప్పు?"

అనేసి నాలుక కరుచుకుంది.

"గుడ్డా?" అన్నాడు ఎర్రన్న. "నా తెలగపిండి తప్ప ఇంకేదీ దిగట్లేదన్నాడే నాతో."

ఇద్దరూ బూడిదమ్మ వైపు చూశారు. ఆమె కాలు నాక్కుంటూ, "నా ఒక్కదాని చెయ్యే వేరన్నాడు," అంది. చేసిన తప్పు కంటే ఆ సంగతే ముగ్గురికీ ఎక్కువ గుచ్చుకుంది. నిజం చెప్పుకోవాలంటే మనకైనా అంతే.

"రేపట్నించి ఎవరూ ఏమీ పెట్టద్దు. ఆకలేస్తే జావే తింటాడు," అన్నాడు ఎర్రన్న.

తినలేదు. మర్నాడంతా చుక్కమ్మని బతిమాలాడు, ఎర్రన్నని తిట్టాడు, బూడిదమ్మతో, "పోయే ముందు ఒక్క చేప తలకాయ" అన్నాడు. జావ అలాగే ఆరిపోయింది. సాయంత్రానికి తల కూడా ఎత్తలేదు. చుక్కమ్మ భయపడి గుడ్డు దొర్లించబోతే ఎర్రన్న కాలు అడ్డం పెట్టాడు.

"ఎందుకు తాతా ఇంత మొండితనం?" అని ఏడ్చేసింది చుక్కమ్మ.

"ఆ గిన్నె వాసనే తెలీదే నాకు. ముక్కు పోయింది, చేపలాంటి ఘాటు వాసన తప్ప ఏదీ అంటదు," అన్నాడు వీరన్న కళ్ళు మూసుకునే. "సూరమ్మ పెట్టేసి పోతుంది. మీరైతే తినేదాకా కూర్చుంటారు."

బూడిదమ్మ కాలు నాకడం ఆపేసింది. తన బతుకంతా దొంగతిండి తిన్నది కాబట్టి ఆమెకి ఒక సంగతి తెలుసు. అడక్కుండా దొరికిన దానికీ, ఎవరూ చూడకుండా తిన్న దానికీ రుచిలో తేడా ఉంటుంది.

"జావగిన్నె ఇటు తొయ్యి మావా," అంది ఎర్రన్నతో.

తెల్లారేసరికి చుక్కమ్మ వచ్చి, "తాతా, ఎవరికీ చెప్పకు. మనసొప్పక తెచ్చేశాను," అని గుడ్డు పెంకు ముందు పెట్టింది. పెంకు నిండా జావ. వీరన్న నాలుగు నాకుళ్ళలో ఖాళీ చేశాడు. ఎండెక్కాక బూడిదమ్మ బాదం ఆకు తెచ్చింది. చేప చుట్టిన ఆకే. మీదున్న ఉప్పంతా శ్రద్ధగా నాకేసింది, ఆ పని ఆమెకేమీ కష్టం కాలేదు. వాసన మటుకు మిగిల్చింది. "సూరమ్మ చూస్తే చంపుతుంది, తొందరగా కానియ్," అంది. ఆకులోని జావముద్ద పోయింది. మధ్యాహ్నం ఎర్రన్న వామి వెనక కొబ్బరి చిప్పలో జావ పెట్టి, మీద కాస్త పొడి తవుడు ఊది, "నా తిండిలోది, గుట్టుగా తిను," అన్నాడు. పెట్టినవాళ్ళు ప్రతిసారీ ఆయన తినేదాకా పక్కనే కూర్చున్నారు. సూరమ్మకి గిన్నె ఖాళీగా కనిపించింది. నమ్మలేక గిన్నె కిందంతా వెతికింది.

మూడు రకాల విందు అనుకుని వీరన్న తిన్నదంతా అదే సొరకాయ జావ, అదే మందు.

రోజూ అదే నాటకం సాగి, సంతరోజు వచ్చింది. చుక్కమ్మ పొద్దున్నించీ గింజ ముట్టలేదు. డాక్టరు సంచీ తీసి అరుగు మీద పెట్టి, కాలి మీద వేలితో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గుంట పడలేదు. వీరన్న ముందుకాళ్ళ మీద బలం పెట్టి, వణుకుతూ, లేచి నిలబడ్డాడు.

"వయసుని మనం తగ్గించలేం గానీ," అన్నాడు డాక్టరు సంచీ మూస్తూ, "ఇలాగే తింటే ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంటాడు. ఏం చేశావమ్మా?"

"ఏమో బాబూ, జావే," అంది సూరమ్మ.

ఆ మధ్యాహ్నం పందిరి మీద వాలిన కాకిని వీరన్న దగ్గరికి పిలిచాడు. "ఒక సంగతి చెప్తాను, ఎవరితో అనకు. ఈ దొడ్డిలో వెర్రిబాగులవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గుర్నీ బుట్టలో వేసుకుని గుడ్డూ చేపా తెలగపిండీ తిని కోలుకున్నాను. ఆ దిక్కుమాలిన జావే తాగుంటే ఈపాటికి పోయేవాణ్ణి."

వామి పక్కన చుక్కమ్మ నోరు తెరవబోయింది. ఎర్రన్న తోకతో ఆమె ముక్కు మీద మెల్లగా తట్టాడు. ఆమె నోరు మూసుకుని, జావ నింపడానికి పెంకు వెతుక్కుంటూ వెళ్ళింది.

నీతి: ప్రేమతో పెట్టేవాళ్ళు ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.