పైడిరాజుగారి గొంతు

పైడిరాజుగారు మాట్లాడుతుంటే హైమకి నిద్ర ముంచుకొచ్చేది. ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు. మనసు బాగోలేదని వచ్చిన మనిషి ఎదురుగా కూచుని ఆవలింత మింగేదానికి కౌన్సిలర్ అన్న పేరెందుకు? ముందుగా టీ తాగి చూసింది. అరచేతిలో గోరు గుచ్చుకుని చూసింది. పావుగంట తిరిగేసరికి కళ్లు బరువెక్కేవి.

పైడిరాజుగారు పోస్టాఫీసులో గుమాస్తా. యాభై దాటాయి. ఆయన బాధ ఒక్కటే, తను చెప్పేది ఎవరూ చివరిదాకా వినరు. భార్య మాట మధ్యలో లేచి వంటింట్లోకి పోతుంది. కొడుకు ఫోన్ చూసుకుంటాడు. ఇదివరకు ఇద్దరు కౌన్సిలర్ల దగ్గరికి వెళ్లి మానేశారు. హైమ మూడోది. మొన్న గురువారం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీకూ విసుగొచ్చీసినట్టుందమ్మా. ఇంక రాన్లెండి" అన్నారు. పోనీ కోపంగా అన్నారా అంటే అదీ లేదు.

హైమ చదివింది బీకాం. మనసు గురించి తెలిసిందంతా పాత పుస్తకాల షాపుల్లో కొనుక్కుని తనంతట తను నేర్చుకున్నదే. విజయనగరంలో పెద్ద కౌన్సిలర్ తాయారమ్మగారి దగ్గర శిష్యరికానికి చేరి ఎనిమిది నెలలైంది. అక్కడొక పద్ధతి ఉంది. తమ దగ్గరికొచ్చే ప్రతి మనిషి గురించీ, ఈయన ఇలా ఎందుకయ్యారు, చిన్ననాటిది ఏది ఇప్పటికీ ఈయన్ని నడిపిస్తోంది అని ఆలోచించి రాసి, శనివారం పొద్దున్న అమ్మగారికి చూపించాలి.

ఆ శనివారం హైమ పన్నెండు పేజీలు పట్టుకెళ్లింది. తాయారమ్మగారు చాప మీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. కాగితాల దొంతర చూసి, జాతకం కూడా ఇంత పొడుగు రాయరే అన్నారు.

హైమ రాసిందంతా చెప్పుకొచ్చింది. అణచుకున్న కోపం, తల్లి మీద బెంగ, ఓడిపోతానన్న భయం. ఒక్కో మాట వెనక ఒక్కో పుస్తకం. అమ్మగారు కాదనలేదు, మెచ్చుకోనూ లేదు. ఇన్ని రాసినా ఆయన మాట చివరిదాకా ఎవరూ ఎందుకు వినరో తెలియడం లేదండీ, అని చివరికి హైమే ఒప్పుకుంది.

"చిన్నప్పటి ఇంటి గురించి ఏం చెప్పారే?"

"మూడో పేజీలో ఉందండి. ఒక్కటే గది. తండ్రికి జూట్ మిల్లులో రాత్రి డ్యూటీ. పగలంతా పడుకునేవారట. నిద్ర చెడగొడితే బెల్టు తీసేవారట."

అమ్మగారు చేట పక్కకి నెట్టి, చాప మీద వాలి, పమిటచెంగు కళ్ల మీదికి లాక్కున్నారు.

"నేను పడుకుంటాను. ఆ మూడో పేజీ నాకు చదివి వినిపించు. నన్ను లేపావంటే ఊరుకోను."

హైమకి నవ్వొచ్చింది. సరేనని మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే అమ్మగారు విసుగ్గా ఒత్తిగిల్లారు. హైమ గొంతు తగ్గించింది. తర్వాతి వాక్యానికి అమ్మగారి కాలు కదిలింది. ఇంకా తగ్గించింది. దెబ్బల దగ్గరా, పండక్కి కొత్త చొక్కా కొన్న దగ్గరా ఒకే తీరున, ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా చదువుకుంటూ పోయింది. అమ్మగారి ఊపిరి నెమ్మదించింది. హైమ కళ్లూ బరువెక్కసాగాయి.

పేజీ సగంలో ఆగిపోయింది. ఆ గొంతు తనది కాదు. వారం వారం ఎదుటి కుర్చీలోంచి వినేది.

"ఆగావేం?" అన్నారు అమ్మగారు చెంగు కిందనుంచే.

"నాకు నిద్ర వస్తుందండి." హైమ కాగితం కేసే చూస్తూ అంది. "ఆయన మాట్లాడినప్పుడల్లా. మొదటిరోజు నుంచీ."

"అది ఏ పేజీలో రాశావు?"

"రాయలేదండి. అది నా తప్పు కదా, ఆయన సంగతి కాదు కదా అనుకున్నాను."

అమ్మగారు చెంగు తీసి హైమ ముఖంలోకి చూశారు.

"వినేవాళ్లు పడుకుని ఉన్నంతసేపే ఆ పిల్లాడికి దెబ్బల్లేవు" అన్నారు. లేచి కూచుని మళ్లీ చేట ముందుకు లాక్కున్నారు.

హైమ కాగితాలు సర్దుకుని లేచింది. మెట్లు దిగుతుంటే ఆమెకి ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. తండ్రి డ్యూటీకి వెళ్లిపోయాక, రాత్రిపూట, ఆ గదిలో ఆ పిల్లాడు ఎలా మాట్లాడేవాడు? ఇది ఆమె చదివిన ఏ పుస్తకమూ చెప్పదు. చెప్పగలిగే మనిషి ఒక్కరే. ఆయన ఇంక రానన్నారు.

ఆయనకి ఫోన్ చెయ్యొచ్చా అని అమ్మగారిని అడగడానికి వెనక్కి రెండు మెట్లెక్కి ఆగిపోయింది. అడగక్కర్లేదనిపించింది. పోస్టాఫీసులో భోజనాల వేళకి తనే చేస్తుంది. విసుగు కాదండీ, నిద్రొచ్చింది అని ముందు తనే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఆ రాత్రుల సంగతి అడుగుతుంది.